పైపు డాక్టర్లూ, కరెంటు జబ్బూ

మా అక్క జబ్బుకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని మా నాన్న లామినేషన్ చేయించాడు.

పలకంత ఈసీజీ కాగితం అది. పదకొండేళ్ళుగా వచ్చిపోతున్న దడని, అది ఉన్న నిమిషాల్లోనే పట్టుకున్న కాగితం అదొక్కటే. చీరాల వైపు ఓ చిన్న క్లినిక్కులో కాంపౌండరు తీసి, "జాగ్రత్తగా దాచుకోండి, పెద్ద డాక్టరు అడుగుతారు" అని చేతిలో పెట్టాడు. జాగ్రత్త అనే మాట మా నాన్నతో అనకూడదు. రేషన్ కార్డుకి చేయించినట్టే దీన్నీ జిరాక్సు షాపుకి తీసుకెళ్ళి ప్లాస్టిక్ తొడిగించాడు. ఈసీజీ కాగితం వేడి తగిలితే నల్లబడే రకం. మిషను దాని మీద గీత గీసేదే వేడితో. లామినేషన్ మిషన్లో ఆ చివర పెట్టింది ఈ చివరకి వచ్చేసరికి నిజంగానే పలకయిపోయింది, నల్లగా నిగనిగలాడుతూ.

ఆ పలక పట్టుకునే ఒక కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళాం. పేరు చెప్పను. మీ ఊళ్ళో ఉన్నదాని పేరు పెట్టుకోండి, సరిపోతుంది. డాక్టరుగారు దాన్ని చూసి నవ్వారు. నవ్వనీండి, తర్వాత మేమూ నవ్వుకున్నాం. నవ్వాక ఆయన ఏం చేశారన్నదే నా పేచీ. చెయ్యి పట్టి నాడి చూశారా? లేదు. దడ ఎలా మొదలవుతుందమ్మా, ఎలా ఆగుతుందమ్మా అని అడిగారా? లేదు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, గుప్పెడు రక్తపరీక్షలు రాశారు. అన్నీ నార్మల్. రాక చస్తాయా? దొంగ గోడ దూకి వెళ్ళిపోయిన మర్నాడు ఇంటికి ఫొటో తీస్తే గోడ బాగానే కనిపిస్తుంది. "గుండె శుభ్రంగా ఉంది. టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్ర రాసి పంపారు.

టెన్షన్!

తెలుగునాట ఆడదాని గుండెకు డాక్టర్లు కనిపెట్టిన సర్వరోగనామం ఇది. మగవాడికి దడ వస్తే గుండె; ఆడదానికి దడ వస్తే మనసు. మగవాడు ఛాతీ మీద చెయ్యేసుకుంటే అంబులెన్సు, ఆడది చెయ్యేసుకుంటే "మీ అత్తగారితో ఏమైనా..." అని ఓ వెకిలి నవ్వు. అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కడితే మూఢనమ్మకం అంటాం. ఎంబీబీఎస్, ఎండీ, డీఎం చదివినాయన టెన్షన్ అని చీటీ కడితే సైన్సు అంటాం. ఆ రెండు దారాలకీ తేడా ఏమిటో ఎవరైనా నాకు విప్పి చూపించండి.

ఇదేదో నా ఇంటి కడుపుమంట అనుకుంటున్నారేమో. 1997లో అమెరికాలో ఇలాంటి హఠాత్తు దడ జబ్బు ఉన్నట్టు రుజువైన 107 మంది పాత కథలు తిరగేసి చూశారు. సగానికి పైగా మందిలో మొదటి పరీక్షలో జబ్బు ఎవరికీ తట్టలేదు. భయం, ఆందోళన, ఒత్తిడి అని పేరు పెట్టి పంపడం ఆడవాళ్ళ విషయంలో మగవాళ్ళకు రెట్టింపు జరిగింది. అమెరికాలోనే అది. ఇక మన ఓపీ గదుల్లో, బయట టోకెన్ నంబరు అరుస్తుండగా, మొగుడే ముందు కూర్చుని పెళ్ళాం జబ్బు తాను చెబుతుండగా, ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

మా అక్క చెప్పిన మాటల్లోనే జబ్బు పేరు ఉంది. ఆ సంగతి నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది, అందుకే ఈ మంట. "స్విచ్చి వేసినట్టు మొదలవుతుంది, స్విచ్చి తీసినట్టు ఆగిపోతుంది" అనేది. టెన్షన్‌తో వచ్చే దడ అలా రాదు. మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. "గుండెల్లో కాదు, గొంతులో కొట్టుకుంటుంది" అనేది. "ఆగిపోయాక గంటసేపు బాత్రూముకి తిరుగుతూనే ఉంటాను" అని సిగ్గుపడుతూ చెప్పేది. ఆ మూడు మాటలు వింటే చాలు, చెవులున్న డాక్టరుకి ఈసీజీ అక్కర్లేకుండానే అనుమానం సగం తీరిపోతుంది.

ఎందుకో చెబుతాను, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. సినిమా రివ్యూకి ఇరవై నిమిషాలు ఇస్తారు కదా.

గుండె పైగదుల్లో కుడివైపు గోడలో ఓ చిన్న కణాల ముద్ద నిమిషానికి 60 నుంచి 100 సార్లు కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు పైగదుల్ని కదిలించి, నడిమధ్య ఓ చెక్‌పోస్టు దగ్గర క్షణకాలం ఆగి, కిందిగదులకు దిగుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ చెక్‌పోస్టులో రెండు దారులుంటాయి, ఒకటి చురుకు, ఒకటి నిదానం. ఏళ్ళ తరబడి ఏమీ కాదు. ఓ రోజు బట్టలు పిండుతుంటేనో వంగి ముగ్గేస్తుంటేనో వేళకాని కొట్టుడు ఒకటి వచ్చి, నిదానం దారిన దిగి చురుకు దారిన ఎక్కి, రంగులరాట్నంలా అక్కడక్కడే తిరగడం మొదలుపెడుతుంది. అంతే, నిమిషానికి 180, ఒక్కోసారి 200. పైగదులూ కిందిగదులూ ఒకేసారి ముడుచుకుంటాయి. రక్తం పోయే దారి మూసుకుని మెడ సిరల్లోకి ఎదురుతంతుంది. గొంతులో కొట్టుకునేది అదే. ఒత్తిడికి సాగిన పైగదులు ఓ హార్మోను వదిలి మూత్రపిండాల్ని తోలతాయి. బాత్రూము కథ అదే. ఇందులో అత్తగారి పాత్ర ఎక్కడుందో వెతకండి.

మరి దీనికి వైద్యం? లక్షలనుకుంటున్నారా? మొదటి వైద్యం ఖరీదు ఒక సిరంజి. పది మిల్లీలీటర్ల ఖాళీ సిరంజి, సూది లేకుండా. మనిషిని వాలుగా కూర్చోబెట్టి, పిస్టను కదిలేంత బలంగా పదిహేను సెకన్లు ఊదించి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తి ఇంకో పదిహేను సెకన్లు పట్టుకోవాలి. ఇంగ్లండులో నాలుగు వందల పైచిలుకు మంది మీద చేసి 2015లో లాన్సెట్ వైద్యపత్రికలో వేశారు. కూర్చుని ముక్కితే 17 శాతం మందికి తగ్గిన దడ, ఇలా కాళ్ళెత్తితే 43 శాతం మందికి తగ్గింది. ఒక్క మందు చుక్క లేదు. ఇది మీ ఊరి ఆర్‌ఎంపీకి తెలుసా? పోనీ, గ్రానైటు మెట్లున్న ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ కుర్రాడికి తెలుసా? తెలిసినా చేస్తాడా? సిరంజి ఊదించడానికి బిల్లులో కాలం లేదు.

తగ్గకపోతే అడినోసిన్ ఇంజెక్షన్. రక్తంలో పది సెకన్లు కూడా నిలవదు, కానీ ఆ కాస్త సేపు చెక్‌పోస్టు మూసేస్తుంది, రాట్నం ఆగిపోతుంది. ఎక్కిన క్షణాన చచ్చిపోతున్నానేమో అనిపిస్తుందని ముందే చెప్పి చెయ్యి పట్టుకోవాలి. శాశ్వతంగా పోవాలంటే తొడ దగ్గర నరం గుండా తీగ పంపి, ఆ నిదానం దారిని రేడియో తరంగాల వేడితో మాడ్చేస్తారు. అబ్లేషన్ అంటారు. 1990ల మొదటి నుంచీ ప్రపంచమంతా చేస్తున్న పని, నూటికి తొంభై అయిదు మందికి జబ్బు మళ్ళీ రాదు. ప్రమాదం లేదని అబద్ధమాడను. చెక్‌పోస్టే దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టాల్సి రావడం వందలో ఒకరికి లోపు జరుగుతుంది. ఆ మాట చెప్పి చేసేవాడు డాక్టరు. చెప్పకుండా చేసేవాడు వ్యాపారి. అసలు ఇలాంటిదొకటి ఉందనే చెప్పకుండా పదకొండేళ్ళు నిద్రమాత్రలు మింగించినవాణ్ణి ఏమనాలో తెలుగులో మాటలున్నాయి, పత్రికలో వెయ్యరు.

గుండె అంటే మనకి పైపు. హైదరాబాదులో, విజయవాడలో ఏ ఫ్లైఓవరు ఎక్కినా హోర్డింగు మీద చేతులు కట్టుకున్న కోటుదొరలు, పక్కన ఎర్రగుండె, దాని మీద పైపులు. పైపు పూడింది, బెలూను ఊదాం, స్టెంటు వేశాం, పైపు తెరిచాం. కంప్యూటర్ తెర మీద అప్పటికప్పుడు చూపిస్తారు, చుట్టాలు గాజు తలుపు దగ్గర నిలబడి చూసి దణ్ణం పెడతారు. గుండెపోటు పడ్డవాడికి ఆ పని ప్రాణదానమే, కాదన్నవాడు మూర్ఖుడు. కానీ ఒట్టి దడ అని వచ్చినవాణ్ణి కూడా, నొప్పి లేదు మొర్రో అంటున్నా, "ఎందుకైనా మంచిది, ఒక యాంజియో చేసేద్దాం" అని బల్ల ఎక్కించడం ఏం వైద్యం? ఫ్యాను ఆగి ఆగి తిరుగుతోందంటే ప్లంబరును పిలిచి కొళాయిలు విప్పించినట్టుంది.

తప్పు వాళ్ళొక్కళ్ళదే అంటే నేనూ హోర్డింగు వేసుకున్నట్టే. మీ సంగతి చూద్దాం. నాడి పట్టుకుని పావుగంట మాట్లాడి, "ఇది ప్రమాదం కాదమ్మా, కాఫీ తగ్గించు, మళ్ళీ వస్తే వచ్చినప్పుడే ఈసీజీ తీయించు" అని పంపిన డాక్టరుని మీరేమన్నారు? "ఏం చూశాడండీ, ఒక్క టెస్టు కూడా రాయలేదు" అన్నారు. ఫీజు దండగ అన్నారు. అదే సంచెడు ఫిల్ములూ ఫైలూ చేతికిచ్చి లక్ష గుంజినవాణ్ణి "హస్తవాసి మంచిదండీ" అని పది ఊళ్ళకు చాటారు. మీరు అడిగిందే వాళ్ళు వడ్డిస్తున్నారు. తినండి.

ఇంకో జబ్బు ఉంది. మా అక్కది బతుకు చేదు చేసే జబ్బయితే, ఇది మంచాన పడేసే జబ్బు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పైగదులు కొట్టుకోవడం మానేసి, నిమిషానికి మూడు నాలుగు వందల సార్లకు పైగా ఒట్టినే వణుకుతుంటాయి. నాడి పట్టి చూస్తే తాళం ఉండదు. చినుకులు రేకుల కప్పు మీద పడ్డట్టు ఒకటి ఇటు, రెండు అటు. వణికే గదిలో రక్తం నిలవ ఉంటుంది. నిలవ రక్తం గడ్డ కడుతుంది. ఎడమ పైగదికి చెవిలా వేలాడే ఓ సంచీ ఉంది, గడ్డలు ఎక్కువగా అక్కడే కాపురముంటాయి. అందులోంచి ఒక తునక ఊడి మెదడుకి ఎక్కిందా, తెల్లారేసరికి మూతి వంకర, కుడిచెయ్యి పడిపోయి, మాట ముద్ద. ఈ జబ్బున్నవాళ్ళకి పక్షవాతం ముప్పు మామూలు కన్నా అయిదు రెట్లని ఫ్రామింగ్‌హామ్ అనే అమెరికా అధ్యయనం లెక్కలు 1991లోనే చెప్పాయి.

దానికి మనవాళ్ళు రాసేదేమిటి? చిన్న ఆస్పిరిన్. "రక్తం పల్చబడే మాత్ర అండీ, సేఫ్." ఎవరికి సేఫ్?

అంకెలు వినండి. 2011లో అవెరోస్ అనే పరీక్షలో, రక్తాన్ని గడ్డకట్టనివ్వని పాత మందు వార్ఫరిన్ పడదనుకున్న 5,599 మంది ఇలాంటి రోగుల్ని తీసుకుని సగం మందికి ఆస్పిరిన్, సగం మందికి అపిక్సబాన్ అనే కొత్త తరం మందు ఇచ్చారు. ఏడాదికి ఆస్పిరిన్ వాళ్ళలో 3.7 శాతం మందికి పక్షవాతం లాంటి గడ్డదెబ్బ, అపిక్సబాన్ వాళ్ళలో 1.6. తేడా అంత కొట్టొచ్చినట్టుంటే పరీక్షను ముందే ఆపేశారు. పెద్ద రక్తస్రావాలు? ఆస్పిరిన్‌తో 1.2, ఆ మందుతో 1.4. ఇంచుమించు ఒకటే. అంటే మీ సేఫ్ మాత్ర రక్తం కారడంలో దాని కవల, గడ్డలు ఆపడంలో చేతకాని తమ్ముడు. ఈ జబ్బులో పక్షవాతాన్ని ఆపడానికి ఆస్పిరిన్ లాంటివి ఒక్కటే వాడొద్దని 2020 యూరప్ మార్గదర్శకాల్లో నల్లటి అక్షరాల్లో ఉంది.

అయినా ఎందుకు రాస్తారంటే, మందు వల్ల ముక్కులోంచి రక్తం కారితే డాక్టరు తప్పు. మందు ఇవ్వక కాలూచెయ్యీ పడిపోతే తలరాత. ముక్కు రక్తానికి చుట్టాలొచ్చి అద్దాలు పగలగొడతారు. పక్షవాతానికి పండ్లు పట్టుకొచ్చి పరామర్శిస్తారు. డాక్టరు ఏది ఎంచుకుంటాడు? తన అద్దాల్ని కాపాడుకుంటాడు. మీ అమ్మ కుడిచెయ్యి ఆయన అద్దాలకు బీమా ప్రీమియం.

కీళ్ళవాతం జ్వరం చిన్నప్పుడొచ్చి వాల్వు ముడుచుకుపోయి, తర్వాత ఈ ఫిబ్రిలేషన్ పట్టుకున్న మన పేదింటివాళ్ళ కథ వేరు. వాళ్ళకి కొత్త ఖరీదు మందు కాదు, పాత వార్ఫరినే, మన దుకాణాల్లో ఎసిట్రోమ్ పేరున దొరికే దాని చుట్టమే, మేలని 2022లో ఇన్విక్టస్ పరీక్ష తేల్చింది. నాలుగున్నర వేల మంది పైన రోగులు, ముందుండి నడిపినవాళ్ళలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టరు గణేశన్ కార్తికేయన్ ఒకరు. చవక మందు వేసుకున్నవాళ్ళలోనే చావులు తక్కువ. దానికి ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించాలి, చాలామందికి ఆ అంకె రెండుకీ మూడుకీ మధ్య ఉంచాలి. మన దగ్గర ఆ పరీక్షకి మండలం నుంచి జిల్లాకి బస్సెక్కాలి, కూలి పోగొట్టుకోవాలి. దీని గురించి ఏ హోర్డింగూ మాట్లాడదు. పైగా "ఆకుకూరలు మానెయ్" అని ఓ అరకొర సలహా. మానక్కర్లేదు నాయనా, వారానికి ఎంత తింటున్నావో అంతే తింటూ ఉంటే చాలు, మందు మోతాదే దానికి తగ్గట్టు కుదురుతుంది. తోటకూర తప్ప వేరే కూర కొనలేనివాడికి తోటకూర మానమని చెప్పడానికి కూడా చదువు కావాలి మరి.

ఇవతలి గట్టు మీద పిచ్చి ఇంకోటి. చేతి గడియారం "నీ గుండె తేడాగా ఉంది" అనగానే ఐటీ కుర్రాడు రాత్రికి రాత్రి ఎమర్జెన్సీలో తేలతాడు. 2019లో యాపిల్ గడియారాల మీద చేసిన అధ్యయనంలో నాలుగు లక్షల మందికి పైగా ఉంటే, గడియారం హెచ్చరించింది వందలో ఒక్కరిని కూడా కాదు, అందులో సగాన్ని, 0.52 శాతం. ఆరోగ్యంగా ఉన్న గుండె మధ్యమధ్యలో ఒక కొట్టుడు తప్పడం, ఒకటి ముందే కొట్టడం చాలామందిలో ఉండేదే. కళ్ళు తిరిగి పడిపోతే, పరుగెత్తుతూ కూలిపోతే, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుంటే, అప్పుడు పరుగెత్తండి. కాగితం మీద గీత వంకరగా ఉందని గీతకి వైద్యం చేయించుకోకండి.

గీతకి వైద్యం చేస్తే ఏమవుతుందో వైద్యలోకానికి బాగా తెలుసు. గుండెపోటు వచ్చిపోయినవాళ్ళలో ఇలాంటి తప్పుడు కొట్టుళ్ళను మందులేసి అణిచేస్తే బతుకుతారని 1980ల్లో పెద్దపెద్దవాళ్ళంతా నమ్మారు. తర్కం ఎంత అందంగా ఉందో చూడండి. చివరికి కాస్ట్ అనే పరీక్ష పెట్టారు. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు. ఉత్తి పిండిమాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. ఈసీజీలు ముత్యాల్లా వచ్చాయి. మనుషులు పోయారు.

బెర్నార్డ్ లౌన్ అని ఒకాయన ఉండేవాడు, లిథువేనియాలో పుట్టిన అమెరికా డాక్టరు. తాళం తప్పిన గుండెకి డైరెక్ట్ కరెంటు షాకును సరైన క్షణంలో ఇచ్చి దారిలో పెట్టే పద్ధతి 1960ల మొదట్లో తెచ్చింది ఆయనే. ఇవాళ సినిమాల్లో ఛాతీ మీద ఆనించే ఆ రెండు ఇస్త్రీపెట్టెల వెనక ఆయన చెయ్యి ఉంది. తప్పుడు కొట్టుళ్ళకి గ్రేడ్లు వేసి పెట్టిన జాబితా కూడా ఆయన పేరు మీదే ఉంది. అంటే ఆ భయాన్ని పెంచినవాళ్ళలో ఆయనా ఒకడే, దాచను. కానీ అంత మిషను చేతిలో ఉన్నవాడు ముసలితనం దాకా చెప్పింది ఒకటే పాట. రోగి మాట వినండి, చెయ్యి తాకండి, అక్కర్లేనిది చెయ్యకండి. అణ్వాయుధాలకి వ్యతిరేకంగా సోవియట్ గుండె డాక్టరు చాజోవ్‌తో కలిసి పెట్టిన వైద్యుల సంఘానికి 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన దొరలకి ఆయన చేతిలోని షాకు కావాలి, చెవి అక్కర్లేదు.

"నువ్వేమైనా డాక్టరువా?" అంటారు. తెలుసు, ఇప్పటికే అని ఉంటారు. కాను. నాకు తెలిసింది నూరుసార్లు వెయిటింగ్ హాల్లో కూర్చుంటే తెలిసేది, నాలుగు కాగితాలు చదివితే తెలిసేది. డీఎం చదివినాయనకి ఇవన్నీ నాకన్నా వెయ్యి రెట్లు తెలుసు. తెలిసీ చెయ్యనందుకే ఈ మాటలు. తెలియనివాడి మీద కోపం ఎందుకొస్తుంది? సర్కారు దవాఖానాలో పొద్దుట్నుంచీ వంద మందిని చూసి చెయ్యి పట్టే తీరిక లేని డాక్టరు మీద నాకు కోపం లేదు. ఆయన చుట్టూ నాలుగు పోస్టులు ఖాళీగా ఉంచినవాళ్ళ మీద ఉంది. ఏసీ గదిలో, వెయ్యి రూపాయల ఫీజుకి, రోగి కళ్ళల్లోకి చూడకుండా టైపు కొట్టేవాడి మీద ఉంది.

నాడి పట్టడం మన తాతలనాటి చాదస్తం అని వెక్కిరిస్తే ఇది కూడా వినండి. ఇంగ్లండులో 65 దాటిన దాదాపు పదిహేను వేల మందితో చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఒక గుంపులో అందర్నీ పిలిచి ఈసీజీ తీశారు. ఇంకో గుంపులో, వేరే పని మీద వచ్చిన ముసలివాళ్ళ నాడి పట్టి చూసి, తాళం తేడాగా ఉంటేనే ఈసీజీ తీశారు. కొత్తగా దొరికిన ఫిబ్రిలేషన్ కేసులు రెండు గుంపుల్లోనూ ఒకటే, ఏడాదికి 1.6 శాతం చొప్పున. రెండు వేళ్ళు, అరనిమిషం. మిషనుతో సమానం.

మీకు ధైర్యముంటే ఈ పేజీ పక్కన పెట్టి వంటింట్లోకో వరండాలోకో వెళ్ళండి. మీ అమ్మ మణికట్టు బొటనవేలి వైపు మీ రెండు వేళ్ళు పెట్టి అరనిమిషం లెక్కపెట్టండి. ఫోను పక్కన పడేసి. ఆఖరుసారి ఆమె చెయ్యి ఎప్పుడు పట్టుకున్నారు? గడియారం కొని పంపాను కదా అంటారా, అమెరికా నుంచి?

మా అక్క సంగతి. పన్నెండో ఏట దొరికాడు ఒకాయన. ఈపీ డాక్టరు అంటారు, గుండెలో పైపుల్ని వదిలేసి కరెంటు చూసేవాడు. నల్ల పలక చూసి ఆయన కూడా నవ్వాడు. నవ్వి, "దీన్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవాల్సిందమ్మా. సరేలే, ఆగిపోయాక బాత్రూముకి ఎక్కువ వెళ్తావా?" అన్నాడు. అక్క ఒక్కసారిగా ఏడ్చేసింది. పదకొండేళ్ళలో ఆ మాట ఆమె చెప్పడమే గానీ ఎవరూ అడగలేదు. తీగలు పంపి పరీక్షించి, రెండు దారులు చూపించి, ఒకటి మాడ్చి, రెండో రోజున ఇంటికి పంపాడు.

పలక మాత్రం పారేయలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడు మా నాన్న అరుగు మీద కూర్చుని దాంతోనే విసురుకుంటుంటాడు.